పేరు అత్తది, నాడి కోడలిది

అత్తగారి పెట్టెలో తన తల్లి పంపిన ఫైలు ఒకటి ఏడాదిగా తెరవకుండా పడి ఉందని సుమేధకు ఆ నెల మొదటి సోమవారం పొద్దున్న, కంప్యూటరు ముందు కూర్చుని ఉప్మా తింటూండగా తెలిసింది.

మొదటి పత్రం గడువు నెలాఖరుతో ముగుస్తుంది. గడువు పెంచే ముందు ఆ పత్రం పేరున తాళం పడిన ఫైళ్ళు ఏమేమి ఉన్నాయో ఒకసారి సరిచూడాలి. ఆ పనే చేస్తోంది. ఢిల్లీ సంస్థవి, ఆస్పత్రులవి, మావగారి పేరుతో ఒకటి. వాటి మధ్యలో ‘మాణిక్యాంబ, ద్రాక్షారామం’ అని కనిపించింది. కింద తేదీ ఉంది.

అమ్మ పోయిన తేదీ.

ప్లేటు పక్కకు నెట్టి మేడ మీదికి వెళ్ళింది. కింద ప్రయోగశాల, పైన కాపురం. కాకినాడలో ఆ వీధివాళ్ళు దాన్ని ‘తాళాల మేష్టారమ్మ ఇల్లు’ అంటారు. ఆ మేష్టారమ్మ, లెక్కల ప్రొఫెసరుగా రిటైరై నాడీ తాళం కనిపెట్టిన పేరిందేవి, వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుని బెండకాయలు తరుగుతోంది.

“మా అమ్మ మీకేదో పంపింది” అంది సుమేధ.

పేరిందేవి తలెత్తలేదు. “ఎప్పుడూ?”

“తను పోయిన రోజు పొద్దున్న.”

కత్తిపీట మీద చెయ్యి ఆగింది. మళ్ళీ కదిలింది.

“పంపే ఉంటుంది.”

“పంపే ఉంటుందేవిటి మేడమ్? ఏడాదయింది. నాకొక్క మాట చెప్పలేదే?”

“చెప్తే ఏం చేస్తావూ? తెరుస్తావా? నీ నాడి ఇప్పుడు దేనికి పలుకుతోంది గనక! ఏడాదై ఒక్క సంతకం పెట్టిన పాపాన పోలేదు.”

“పంపింది మీకు. మీరు తెరవచ్చుగా.”

పేరిందేవి ఈసారి తలెత్తి కోడలి వంక చూసింది. ఆ మాట ఎత్తిపొడుపని ఇద్దరికీ తెలుసు. పేరిందేవి పేరున వచ్చిన తాళం పేరిందేవికి తెరుచుకోదు. దాన్ని తెరవగలిగిన మనిషి లోకంలో సుమేధ ఒక్కతే. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఆ ఇంట్లో ముగ్గురు. బయట ఎవరికీ తెలియదనే పేరిందేవి ఇన్నాళ్ళూ అనుకుంది.

*

“తాళాలన్నిటికీ ఒకటే రోగం. తాళంచెవి ఎక్కడో అక్కడ దాచాలి. దాచినదేదైనా దొరుకుతుంది” అనేది పేరిందేవి. తాళంచెవి ఎక్కడా దాచకుండా, కావలసినప్పుడు మనిషి మణికట్టులోనే పుట్టి, పని కాగానే మాయమయ్యేలా ఆవిడ చేసింది. నాడి కొట్టుకునే తీరు ఒక్కొక్కరికి ఒక్కొక్కలా ఉంటుంది. వెడల్పాటి తోలు పట్టీ, దాని లోపలివైపు రాగి బిళ్ళ. పట్టీ కట్టుకుని కాసేపు కూర్చుంటే యంత్రం మనిషిని గుర్తుపట్టి పచ్చదీపం వెలిగిస్తుంది. ఆ మనిషి పేరున వచ్చిన ఫైలు తెరుచుకుంటుంది. తాళం వెయ్యడానికి మాత్రం ఆ మనిషితో పని లేదు. పేరు నొక్కి ఎవరైనా వేసి పంపవచ్చు.

“మరి పీక మీద కత్తి పెట్టి తెరిపిస్తే?” అని అడిగాడు ఒకసారి కొడుకు శ్రీకర్. పోర్టు ఆఫీసులో ఉద్యోగం అతనిది. తల్లి కనిపెట్టినవాటికి వంకలు పెట్టడం అతని కాలక్షేపం.

మర్నాడు పేరిందేవి అతని చేతికి పట్టీ కట్టి, కుర్చీ వెనక సీమటపాకాయ కాల్చింది. శ్రీకర్ ఎగిరిపడ్డాడు. పచ్చదీపం పోయి ఎర్రది వెలిగింది.

“చూశావా? భయపడ్డా, మండిపడ్డా నాడి మారిపోతుంది. ఎర్రదీపం వెలిగితే చచ్చినా తెరుచుకోదు. ప్రశాంతంగా, ఇష్టపడి తెరవాలి. అసలు ఎవరో తెలియని చెయ్యి పెట్టావనుకో, ఏ దీపమూ వెలగదు.”

“నోటితో చెప్పినా నమ్మేవాణ్ణే కదమ్మా!” అన్నాడు శ్రీకర్ చెవి రుద్దుకుంటూ. ప్రయోగశాలలో చేసే సుమేధ పడీపడీ నవ్వింది. అప్పటికి పెళ్ళయి ఏడాది. ఆ ఇంట్లో తనకు నవ్వొచ్చిన రోజులవి.

యంత్రం నాడిని గుర్తుపడుతుంది సరే, ఆ నాడి ఫలానా మనిషిదేనని ఎవరో సాక్ష్యం చెప్పాలి. అదే ధ్రువపత్రం. ఒకరి పత్రానికి పైవాళ్ళు సాక్షి, వాళ్ళకి ఆ పైవాళ్ళు. అందరికీ పైన మొదటి పత్రం. అది పేరిందేవిది. దానికి సాక్షి లేడు. లోకం ఆవిడ మాట నమ్మింది, అంతే.

ఆ మొదటి పత్రం తయారైన రోజున మావగారి ఆబ్దికం. డబ్బిచ్చే సంస్థవాళ్ళు ఢిల్లీ నుంచి వచ్చి హాల్లో కూర్చున్నారు. మధ్యాహ్నం బండికి వెళ్ళిపోతారట. పేరిందేవి మడి కట్టుకుని వంటింట్లో ఉంది. ఎన్ని దేశాల్లో ఉపన్యాసాలిచ్చినా, ఆబ్దికం నాడు మడి అంటే ఆవిడకు మడే. సుమేధ ఆ రోజు దూరంగా ఉంది. వంటింటి వైపు రాకూడదు కాబట్టి ముందు గదిలో చాప మీద, ఆ వేళకి పైకి తెచ్చిపెట్టిన యంత్రం పక్కనే కూర్చుని ఉంది.

“తోలు పట్టీ! పదిమంది చేతులకి కట్టింది!” అంది పేరిందేవి గుమ్మం అవతల నిలబడి, గొంతు తగ్గించి. “అది ముట్టుకుంటే మళ్ళీ తలమీద నీళ్ళోసుకోవాలి. బ్రాహ్మలొచ్చే వేళయింది. నువ్వెలాగూ దూరంగానే ఉన్నావు కదే, నీ చెయ్యి పెట్టెయ్.”

“పత్రం మీద మీ పేరుంటుంది కదా అత్తయ్యగారూ!”

“పేరుదేవుందే? వాళ్ళకి దీపం వెలగడం చూపించాలి, అంతేగా. తర్వాత మార్చుకుందాం.”

హాల్లోవాళ్ళకు గది పరదా, దాని ఇవతల బల్ల మీది దీపం మాత్రమే కనిపిస్తున్నాయి. పరదా వెనక సుమేధ పట్టీ కట్టుకుంది. పచ్చదీపం వెలిగింది. ఢిల్లీవాళ్ళు చప్పట్లు కొట్టి, అక్కడికక్కడే మొదటి పత్రానికి ముద్ర వేసేసి రైలెక్కారు.

మార్చుకోవడం ఇక కుదరలేదు. మొదటిది మారిస్తే దాని కింద పుట్టిన పత్రాలన్నీ చెల్లకుండా పోతాయి. ఎందుకు మారుస్తున్నారని అడుగుతారు. మడి అని చెబితే శాస్త్రవేత్తలు నవ్వుతారు. చెప్పకపోతే దొంగతనం అంటారు. పేరు అత్తగారిది, నాడి కోడలిది అయి, అలాగే ఉండిపోయాయి.

*

అప్పటి నుంచి సుమేధను ప్రశాంతంగా ఉంచడం ఆ ఇంట్లో ఒక పని అయింది.

పక్షానికోసారి కొత్త పత్రాల మీద మొదటి పత్రం సంతకం పడాలి. సంతకం రేపనగా పేరిందేవి కోడలితో నవ్వుతూ మాట్లాడేది. ఆ నవ్వు చూడగానే సుమేధకు క్యాలెండరు చూడనక్కర్లేకుండా తెలిసిపోయేది. ఆ పూట తనకిష్టమైన కూర ఉండేది. శ్రీకర్ వాదనకు దిగేవాడు కాదు. సంతకం అయిన మర్నాడు ఇద్దరూ కలిసి బాకీ తీర్చుకునేవాళ్ళు.

“నిన్న పాల మీద మీగడ నువ్వేనా తిన్నది?”

“నిన్న అడగలేకపోయారా అత్తయ్యగారూ?”

“నిన్నెలా అడుగుతానే? సంతకం కదా!”

మొదట్లో ఇవి నవ్వుకునే సంగతులే. తర్వాత పెద్దవి మొదలయ్యాయి. చిన్నాన్న కాలు విరిగిన కబురు సంతకం అయ్యాక చెప్పారు. బెంగుళూరు నుంచి ఉద్యోగం ఇస్తామని వచ్చిన మెయిలు సంగతి శ్రీకర్ చూసి కూడా చెప్పలేదు. గడువు దాటిపోయింది. “మరీ సంతోషపడ్డా నాడి చెడుతుందిటగా, అమ్మ చెప్పింది” అన్నాడు. ఆ రోజు సుమేధ అద్దంలో చూసుకుంటే, ఊరగాయ జాడీలా తనను కదపకుండా అటక మీద పెట్టారని అనిపించింది.

తల్లికి మాత్రం చెప్పుకుంది. “అత్తగారి పెట్టె నా చెయ్యి పెడితేగాని తెరుచుకోదమ్మా. ఎవరికీ చెప్పకు.” మాణిక్యాంబ వత్తులు చేసుకుంటూ విని, “అయితే ఆవిడ నిన్ను బాగానే చూసుకోవాలి, పోన్లే” అంది. సుమేధ నవ్వి, తల్లికి ఫోనులో తాళం వేసి ఎలా పంపాలో నేర్పింది. “పేరు నొక్కు, మాట్లాడు, పంపు. అంతే.”

కిందటేడు జిల్లాలోని ఆస్పత్రులన్నీ నాడీ తాళంలో చేరాయి. ఆ సంతకాలకు ఒక రోజంతా పడుతుంది. అలవాటు ప్రకారం ముందు రోజు రాత్రే శ్రీకర్ ఆమె ఫోను తీసుకుని బీరువాలో పెట్టాడు. పొద్దున్న ద్రాక్షారామం నుంచి సుమేధ అన్నయ్య గోపాలం శ్రీకర్‌కు ఫోను చేశాడు. “అమ్మని రామచంద్రపురం ఆస్పత్రిలో చేర్చాం బావా. చెల్లాయిని పంపించు.”

శ్రీకర్ తల్లి దగ్గరకు వెళ్ళాడు.

“సంతకాలయ్యాక చెప్దాం” అంది పేరిందేవి. “ఆవిడకి బీపీ పడిపోవడం మామూలే కదా. సెలైన్ ఎక్కిస్తే లేచి కూర్చుంటుంది.”

సంతకాలు సాయంత్రానికి అయ్యాయి. కారులో గంట ప్రయాణం. సుమేధ వెళ్ళేసరికి అమ్మను ఇంటికి తెచ్చి వసారాలో పడుకోబెట్టారు. ముఖం ప్రశాంతంగానే ఉంది. జుట్టు మాత్రం చిక్కులు పడి ఉంది. రోజూ రెండుపూటలా దువ్వుకునే మనిషి.

“ఎవరూ దువ్వలేదా?” అని అడిగింది సుమేధ. అంతమందిలో ఆ మాటే ఎందుకు వచ్చిందో తెలియదు.

“నువ్వొస్తావంది” అన్నాడు గోపాలం. ఆ రోజు నుంచి చెల్లెలితో సరిగ్గా మాట్లాడడు.

పన్నెండో రోజు దాటి కాకినాడ తిరిగొచ్చి, పట్టీ కట్టుకుంటే ఎర్రదీపం వెలిగింది. ఆ తర్వాత ఎప్పుడు కట్టుకున్నా ఎర్రదే. అత్తయ్యగారూ అనడం మానేసి మేడమ్ అనడం మొదలుపెట్టింది. మేడ మీద వీధివైపు గదిలో స్టవ్వు పెట్టుకుని తన వంట తను చేసుకుంటోంది. వెళ్ళిపొమ్మని వాళ్ళు అనలేరు. “నేను వెళ్ళిపోతే మీకు హాయి. అందుకే వెళ్ళను” అని శ్రీకర్‌తో చెప్పింది.

*

“ఒక ఫోను చెయ్యలేకపోయారా?” అంది సుమేధ, వంటింటి గుమ్మంలోంచి కదలకుండా. “ఫైలు తెరవలేకపోతే, పంపిన మనిషికి ఫోను చేసి ఏవిటి వదినగారూ అని అడగలేరా?”

“చేశాను. ఎత్తలేదు.”

“ఎన్నిసార్లు?”

“ఏవిటే ఈ కోర్టు విచారణ? ఒకసారి చేశాను. ఆ రోజు జిల్లా అంతా నా నెత్తిమీదుంది. ఎంతమంది రోగుల కాగితాలో తెలుసా? నువ్వక్కడ కింద పచ్చదీపంతో కూర్చున్నావు. నేను పైనే తిరుగుతున్నాను. నా మొహం చూస్తే నీకెక్కడ తెలిసిపోతుందోనని కిందికి రావడమే మానేశాను.”

“అంటే అందులో ఏముందో మీకు తెలుసు.”

పేరిందేవి తరిగిన ముక్కలు గిన్నెలోకి తోసింది. “నెలాఖరు దాటితే ఆ ఫైలు ఇంక ఎప్పటికీ రాదు. గడువైపోతే నా పేరున పడ్డ తాళాలూ, నా కింది పత్రాలవీ అన్నీ బిగిసిపోతాయి. ఆ నియమం నేను పెట్టిందే. తెలుసుగా? నామీద కసి ఉంచుకుంటావో, మీ అమ్మ గొంతు వింటావో తేల్చుకో.”

“నా కోపం మీద మీకు అజమాయిషీ ఉందని ఇంకా అనుకుంటున్నారే!” అని సుమేధ కిందికి దిగిపోయింది.

కానీ ఆవిడన్నది నిజం. ఆ నెలంతా సుమేధ తన నాడితో పోట్లాడింది. తెల్లారగట్ట స్నానం చేసి పట్టీ కట్టుకుంది. ఎర్రదీపం. కళ్ళు మూసుకుని ఊపిరి లెక్కపెట్టింది. ఎర్రదీపం. నిద్రమాత్ర వేసుకుంటే యంత్రం ఆమెను గుర్తుపట్టనే లేదు. ద్రాక్షారామం వెళ్ళి అమ్మ పడుకునే మంచం మీద ఒక మధ్యాహ్నం పడుకుని వచ్చింది. మెట్ల మీద అత్తగారి చెప్పుల చప్పుడు వినగానే లోపల ఏదో బిగిసింది. కట్టుకుని చూడాల్సిన అవసరం కూడా లేకపోయింది.

పేరిందేవి కూడా ఊరుకోలేదు. ఒకరోజు పనసపొట్టు కూర చేసి, ఆవపెట్టి, గిన్నె తెచ్చి కోడలి గది ముందు పెట్టింది.

“మీ అమ్మ చేసేదిగా, ఇలాగే.”

సుమేధ మూత తీసి చూసింది. “మా అమ్మ చేసినన్నాళ్ళూ ‘ద్రాక్షారామం వాళ్ళకి ఆవ పాళ్ళు తెలీవు’ అన్నారు.”

“అన్నాను. ఇప్పుడు చేశాను కదా.”

“నాక్కాదు చేసింది. నాడికి చేశారు. తీసుకెళ్ళండి.”

“కాదంటే పారబోసుకో. మళ్ళీ చెయ్యను.”

“అదీ మీ గొంతు! మొన్నటి నుంచీ వినపడట్లేదేవిటా అనుకుంటున్నా.”

శ్రీకర్ మధ్యలో వచ్చాడు. “మీరిద్దరూ ఒకసారి గట్టిగా అరిచేసుకోండి. కడుపులోది పోతుంది.”

“నువ్వేం అరుస్తావు మరి?” అంది సుమేధ. “ఫోను బీరువాలో పెట్టింది నువ్వు. మా అన్నయ్య ఫోను ఎత్తింది నువ్వు. కాఫీ తెచ్చి నా చేతికిచ్చి, ‘అలిసిపోయావా’ అన్నావు. అప్పటికి నీకు తెలుసు.”

శ్రీకర్ గిన్నె తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ కూర అతనే తిన్నాడు.

ఈ పోట్లాటల మధ్య సుమేధ పగలంతా ప్రయోగశాలలో పని చేసింది. ఆస్పత్రులవాళ్ళను, బ్యాంకువాళ్ళను, ప్రయోగంలో చేరిన కుటుంబాలను పిలిపించింది. ఒక్కొక్కరిని తమ తమ పట్టీలతో తమ తమ ఫైళ్ళు తెరుచుకోమని, వేరే మామూలు తాళాల్లోకి మార్చుకోమని చెప్పింది. గడువు పెంచే ముందు జాగ్రత్త అనుకున్నారు అందరూ. పేరిందేవి కూడా అలాగే అనుకుంది. కోడలు దారికి వస్తోందని ఆవిడ మనసులో సంతోషించింది కూడా.

*

గడువు చివరి రోజు సాయంత్రం అయిదింటితో ముగుస్తుంది. ఆ రోజు నాలుగు దాటాక సుమేధ కిందికి దిగి, రోజూలాగే పట్టీ కట్టుకుంది. కిటికీలోంచి పక్కింటి మిక్సీ చప్పుడు వినిపిస్తోంది. అత్తగారి చెప్పులు మెట్లు దిగుతున్నాయి. వింది. లోపల ఏదీ బిగియలేదు.

పచ్చదీపం వెలిగింది.

గుమ్మంలో నిలబడ్డ పేరిందేవి గోడకు చెయ్యి ఆనించుకుని, దీపాన్ని కాసేపు చూసి, అప్పుడు పరుగున వచ్చి కంప్యూటరు ముందు కూర్చుంది.

“కదలకు. అలాగే ఉండు. బంగారుతల్లివి. ముందు సంతకం పెట్టేద్దాం. గడువు పెరిగిపోతే తర్వాత ఎన్నిసార్లయినా…”

“ముందు అమ్మ” అంది సుమేధ.

“నీకు తెలీదా? అది విన్నాక నీకు నాడి నిలబడుతుందా?”

“నిలబడదు.”

పేరిందేవి చేతులు మీటల మీదే ఆగాయి.

“పోయినసారి సంతకం ముందు, అమ్మ తర్వాత అన్నారు” అంది సుమేధ. గొంతు మామూలుగా ఉంది. పాలవాడికి రేపు రావద్దని చెబుతున్నట్టుంది. “ఈసారి అమ్మ ముందు. తర్వాత సంతకం లేదు.”

“అందరి ఫైళ్ళూ బిగుసుకుపోతాయే! వాళ్ళేం చేశారు నిన్ను?”

“అందరివీ తెరిపించి ఇచ్చేశాను. నెల్లాళ్ళుగా అదే చేస్తున్నాను. మిగిలినవి మీ పేరు మీదివే.”

పేరిందేవికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఆవిడ దీపం వైపు చూసింది. అది ఇంకా పచ్చగానే ఉంది. ప్రశాంతంగా, ఇష్టపడి ఉన్న మనిషికి మాత్రమే అది వెలుగుతుందని తనే అందరికీ చెప్పింది. కోపం చల్లారడానికీ, కోపం గట్టిపడి గోడలో రాయిలా కూర్చోవడానికీ తేడా యంత్రానికి తెలియదు. అది నేర్పాలని ఆవిడకు తట్టలేదు.

“మీ మావగారి గొంతు అందులోనే ఉంది” అంది మెల్లిగా. “ఆపరేషన్‌కి ముందు రికార్డు చేసి ఇచ్చారు. ఆయన పోయాక నేనే తాళం వేసి దాచుకున్నాను.”

“తెలుసు. ఏటా మీకు తెరిచిపెట్టింది నేనేగా. అది ముందు తెరవమంటే తెరుస్తాను. ఆయన నన్నెప్పుడూ ఒక్క మాట అనలేదు. వేరేచోట దాచుకోండి. సంతకం మాత్రం అడక్కండి.”

“నా ముప్పయ్యేళ్ళ పని ఇది!”

“మీది కాదు. మీ పేరు.”

“ఏవన్నావూ?”

“మావయ్యగారిది తెరవమంటారా, వద్దా?”

“సంతకం పెడితే రెండూ ఉంటాయి కదే! రాక్షసీ! ఆయన గొంతూ ఉంటుంది, మీ అమ్మ గొంతూ ఉంటుంది, నా పనీ ఉంటుంది. ఒక్క సంతకం. ఏం పోతుంది నీకు?”

“నా అమ్మ పోయింది” అంది సుమేధ. “అడిగింది చెప్పండి.”

“సంతకం పెట్టు. నువ్వు పెడతావు. నాకు తెలుసు. పచ్చదీపం అబద్ధం చెప్పదు.”

సుమేధ అత్తగారి నోట ఇంకో మాట వస్తుందేమోనని చూసింది. రాలేదు. ‘మాణిక్యాంబ’ అన్న పేరు మీద నొక్కింది.

ఆస్పత్రి వార్డు గోల. ఎవరిదో దగ్గు. తర్వాత అమ్మ.

“వదినగారూ, నమస్కారం. నేనండీ, మాణిక్యాంబని. ఇది మీరు వింటున్నారంటే మా సుమ మీ పక్కనే ఉందన్నమాట. అది చెయ్యి పెడితేగాని మీ పెట్టె తెరుచుకోదుటగా, నాకు చెప్పింది లెండి. తిట్టకండి దాన్ని. అందుకే మీ పేరు మీదే పంపుతున్నాను. దాని ఫోనేమో పలకట్లేదు. అయినా అత్తగారిని అడక్కుండా ఆడపిల్లని నేరుగా పిలవడం పద్ధతి కాదు కదా. ఇలాగైతే మిమ్మల్ని అడిగినట్టూ ఉంటుంది, దానికి వినపడినట్టూ ఉంటుంది.” చిన్న నవ్వు. ఆయాసం. “డాక్టరుగారు సాయంత్రం దాకా చూద్దావన్నారు. ఆయన మొహం చూస్తే నాకు తెలిసిపోయింది. మధ్యాహ్నం బస్సుకి పంపించండి వదినగారూ, మీకు పుణ్యం ఉంటుంది. సుమా, వచ్చేటప్పుడు దువ్వెన పట్రావే. ఇక్కడ నా తలంతా చిక్కులు పడిపోయింది. మీ వదిన దువ్వుతానంటే వద్దన్నాను. నువ్వొస్తావుగా.”

అయిపోయింది. పక్కింటి మిక్సీ ఎప్పుడో ఆగిపోయింది.

బల్ల మీద ఎర్రదీపం వెలుగుతోంది. సుమేధ దాని వైపు చూడలేదు. ఏడుస్తూనే ఆ గొంతును తన ఫోనులోకి, ఏ తాళమూ లేకుండా మార్చుకుంది. పట్టీ విప్పి బల్ల మీద పెట్టింది.

“నేను బీపీ అనుకున్నానే” అంది పేరిందేవి. “నిజంగా అనుకున్నాను.”

“పుణ్యం ఉంటుందంది మీకు” అంది సుమేధ. “విన్నారుగా.”

ఆమె మెట్లెక్కి పైకి వెళ్ళింది. పైన బీరువా తలుపు తెరిచిన చప్పుడు, పెట్టె నేల మీద జరిపిన చప్పుడు వినిపించాయి. శ్రీకర్ ఏదో అడిగాడు. కాసేపటికి వీధి తలుపు పడింది.

గోడ గడియారంలో అయిదు కావస్తోంది. పేరిందేవి కాసేపు తన భర్త పేరున్న ఫైలు వైపు చూసింది. తర్వాత తోలు పట్టీ చేతిలోకి తీసుకుంది. ఇంతమంది చేతులకు కట్టిన ఆ పట్టీని ఆవిడ తన చేతికి కట్టుకోవడం అదే మొదటిసారి. కోడలి చేతి వెచ్చదనం ఇంకా దాన్ని వదల్లేదు. బిళ్ళను నాడి మీదికి సర్ది, బిగించి, వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. తెర మీద ఆవిడ పేరు, పేరు పక్కన ఆవిడ ఫోటో, కింద ‘మొదటి పత్రం’ అన్న అక్షరాలు ఉన్నాయి.

పచ్చది రాలేదు. ఎర్రది కూడా రాలేదు. అయిదు కొట్టేదాకా, కొట్టాక కూడా, ఏ దీపమూ వెలగలేదు.